పెడల్ గట్టిగా ఉందా? మెత్తగా ఉందా?

ఇంటర్వ్యూ గదిలో ఉన్నారనుకోండి. ఎదురుగా ముగ్గురు. మధ్యలో కూర్చున్నాయన మీ రెజ్యూమే పక్కన పెట్టేసి ఇలా అడుగుతారు: ‘‘ఐదుగురితో ఒక కారు ఘాట్ రోడ్డు దిగుతోంది. సగం దూరం వచ్చాక బ్రేకు సరిగ్గా పడటం లేదు. ఎందుకు?’’

మెకానికల్, ఆటోమొబైల్ చదివినవాళ్లకి జవాబు నాలుక మీదే ఉంటుంది. బ్రేక్ ఫేడ్. అంటే వేడెక్కిపోయి బ్రేకు తన పట్టు కోల్పోవడం. ఆయన తల ఊపి రెండో ప్రశ్న వేస్తారు: ‘‘పెడల్ గట్టిగా ఉందా, మెత్తగా ఉందా?’’

నేను దొరికిపోయింది అక్కడే. విచిత్రం ఏంటంటే, ఆ ప్రశ్నకి జవాబు అంతకు ఐదు నెలల ముందే నా కళ్ల ముందు జరిగింది.

ఆ రోజు తిరుమలలో

ఫైనలియర్‌లో ఉండగా నా స్నేహితుడి వాళ్ల కుటుంబంతో కలిసి నెల్లూరు నుంచి తిరుమల వెళ్లాను. కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్. వయసు ఆరేళ్లు. వాడు డ్రైవింగ్, నేను పక్క సీటు. వెనక వాళ్లమ్మ, చెల్లెలు, నాయనమ్మ. డిక్కీ నిండా సామాను, నా ఒళ్లో లడ్డూల సంచి.

దర్శనం బాగా అయింది. దిగేటప్పుడు మావాడు గేరు తీసి న్యూట్రల్‌లో వేశాడు. ‘‘దిగుడే కదరా, పెట్రోలు మిగులుద్ది’’ అన్నాడు. నేను కూడా నిజమే అనుకున్నాను. మూడేళ్లు ఇంజినీరింగ్ చదివినవాణ్ని, అనుకోకూడదు గానీ అనుకున్నాను. ఒక్కో మలుపు దగ్గర బ్రేకు తొక్కుతూ, వదులుతూ, మళ్లీ తొక్కుతూ సగం పైగా దిగాం. మాడు వాసన మొదలైంది. ముందు బస్సుదేమో అనుకున్నాం.

తర్వాతి మలుపు దగ్గర వాడి ముఖం మారిపోయింది. ‘‘రేయ్, బ్రేకు లోపలికి పోతాంది’’ అన్నాడు, చాలా మెల్లగా, వెనకవాళ్లకి వినపడకుండా. పెడల్ దూదిని తొక్కినట్టు నేల దాకా వెళ్తోంది, బండి మాత్రం ఆగట్లేదు. వాడు గబగబా నాలుగైదు సార్లు పంపు కొట్టినట్టు తొక్కాడు, సెకండ్ గేరులోకి వేశాడు. ఇంజిన్ ఒక్కసారి గోల పెట్టింది. వేగం తగ్గింది. హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ కొండవైపు పక్కకి తీసి ఆపేశాడు. వెనక నాయనమ్మ ఏం జరిగిందో తెలియకుండానే ‘గోవిందా’ అంది.

అరగంట పైన కూర్చున్నాం. తర్వాత తొక్కి చూస్తే పెడల్ మామూలుగానే ఉంది! సెకండ్ గేరులో నెమ్మదిగా కిందికి వచ్చేశాం. మర్నాడు నెల్లూరులో మెకానిక్‌కి చూపిస్తే బండి వీధి చివరి దాకా తోలి వచ్చి, ‘‘ఏం లేదబ్బాయా, బ్రేకు బ్రహ్మాండంగా ఉంది’’ అన్నాడు. డబ్బాలో కాస్త ఆయిల్ పోసి పంపేశాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. బండి ఆయన దగ్గరికి చేరేసరికి లోపం మాయమైపోయింది. ఈ రకం లోపంతో ఉన్న ప్రమాదం ఇదే.

రెండు ఫేడ్‌లు, రెండు పెడల్‌లు

ఇక ఇంటర్వ్యూకి వద్దాం. నేను చెప్పిన జవాబు: ‘‘ప్యాడ్లు వేడెక్కి ఫ్రిక్షన్ తగ్గింది సర్.’’ పెడల్ సంగతి అడిగితే, ‘‘మెత్తగా ఉంటుంది సర్, నేను చూశాను’’ అన్నాను గర్వంగా. ఆయన నవ్వి, ‘‘ప్యాడ్ల వల్ల అయితే పెడల్ ఎందుకు మెత్తబడుతుంది?’’ అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ ఉద్యోగమూ రాలేదు.

మీరు ఈ తేడాని ఒక్కసారి మనసులో పెట్టుకోండి. ప్యాడ్ డిస్కుని రుద్దుతుంది, ఆ రాపిడితోనే బండి ఆగుతుంది. ప్యాడ్ మరీ వేడెక్కితే దాని ఘర్షణ గుణం పడిపోతుంది. అప్పుడు మీరు ఎంత బలంగా తొక్కినా పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగనంటుంది. ఇది ఫ్రిక్షన్ ఫేడ్.

రెండోది ఫ్లూయిడ్ ఫేడ్. మీ కాలి బలాన్ని చక్రం దాకా మోసుకెళ్లేది ఒక ద్రవం. మన వర్క్‌షాపుల్లో దాన్ని బ్రేక్ ఆయిల్ అంటారు గానీ అది నిజానికి ఆయిల్ కాదు. చాలా కార్లలో వాడేది గ్లైకాల్ ఈథర్ జాతికి చెందిన రసాయనం. ద్రవం నొక్కుకుపోదు కాబట్టే మాస్టర్ సిలిండర్ దగ్గర మీరిచ్చిన ఒత్తిడి క్యాలిపర్ దాకా అలాగే చేరుతుంది. ఇంటర్‌లో చదివిన పాస్కల్ నియమమే. ఆ ద్రవం మరిగి లోపల ఆవిరి బుడగలు పుడితే కథ మారిపోతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది. మీ కాలి కదలికంతా బుడగల్ని నలపడానికే సరిపోతుంది, ప్యాడ్ దాకా ఒత్తిడి చేరదు. పెడల్ నేల దాకా పోతుంది. దీన్నే వేపర్ లాక్ అంటారు.

చల్లారితే ఆవిరి తిరిగి ద్రవమైపోతుంది. పెడల్ మళ్లీ మామూలే. మెకానిక్‌కి ఏమీ కనపడదు.

ఇంకో చిన్న మెలిక కూడా ఉంది. పెడల్ తొక్కి ఉంచినంతసేపు లైన్లో ఒత్తిడి ఎక్కువ. ఒత్తిడి పెరిగితే మరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుంది, ప్రెషర్ కుక్కర్‌లో లాగా. కాలు తీయగానే ఒత్తిడి పడిపోయి అప్పుడు మరుగు మొదలవుతుంది. అందుకే మొన్న తొక్కినప్పుడు బాగున్న బ్రేకు, ఈ మలుపులో తొక్కేసరికి ఉండదు. ‘ఇప్పటిదాకా బాగానే పడిందే’ అని డ్రైవర్లు అనేది ఈ కారణంగానే.

నాలుగు ఇస్త్రీ పెట్టెలు

ఎంత వేడి పుడుతుందో లెక్క కడదాం. తిరుమల నుంచి తిరుపతికి ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులు, సామానుతో కలిపి కారు 1300 కిలోలు అనుకోండి. ఎం, జి, హెచ్ మూడూ గుణిస్తే దాదాపు 89 లక్షల జౌళ్లు. కరెంటు భాషలో చెప్పాలంటే రెండున్నర యూనిట్లు. 28 లీటర్ల మామూలు నీళ్లని మరుగు దాకా తేవడానికి అది చాలు. దిగడానికి 40 నిమిషాలు పట్టిందనుకుంటే సగటున 3.7 కిలోవాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు నాలుగు ఆ 40 నిమిషాలూ దాదాపు ఆపకుండా వెలుగుతున్నట్టు.

గేరులో దిగితే ఇందులో మంచి భాగం ఇంజిన్ మింగేస్తుంది. కొంత గాలి, టైర్లు తీసుకుంటాయి. మావాడిలా న్యూట్రల్‌లో దిగితే ఇంజిన్ వాటా కూడా బ్రేకుల నెత్తిన పడుతుంది. అందులోనూ ఎక్కువ భాగం ముందు చక్రాలకే. బ్రేకు పడినప్పుడు బరువు ముందుకి ఒరుగుతుంది కదా. డిస్కు నుంచి ప్యాడ్‌కి, ప్యాడ్ నుంచి పిస్టన్‌కి, పిస్టన్ నుంచి దాని వెనకున్న ద్రవానికి వేడి పాకుతుంది.

కొత్త బ్రేక్ ఆయిల్ దీన్ని తట్టుకోవడానికే తయారైంది. మరి మా బండిలో ఉన్నది ఎందుకు తట్టుకోలేదు?

నీళ్లు తాగే ద్రవం

గ్లైకాల్ రకం బ్రేక్ ఆయిల్‌కి ఒక గుణం ఉంది. గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డబ్బా మూతలో ఉండే గాలి దారి నుంచి, రబ్బరు గొట్టాల గోడల గుండా కూడా తేమ మెల్లమెల్లగా లోపలికి చేరుతుంది. బండి తిరిగినా తిరగకపోయినా ఇది ఆగదు. నెల్లూరు, కాకినాడ, విశాఖ లాంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమకి కొదవేముంది!

నీళ్లు కలిసిన కొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. అమెరికా ప్రమాణం ఎఫ్ఎంవీఎస్ఎస్ 116 ప్రకారం డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక అది 140కి దిగొచ్చు. డాట్ 4 అయితే 230 నుంచి 155కి. డాట్ 5.1 అయితే 260 నుంచి 180కి. అన్నీ సెల్సియస్. మొదటి అంకెని డ్రై, రెండోదాన్ని వెట్ బాయిలింగ్ పాయింట్ అంటారు. వెట్ అంటే సగం నీళ్లు అనుకునేరు, దాదాపు 3.7 శాతం తేమ అంతే. అంత చిన్న మోతాదుకే డాట్ 4 తన బలంలో 75 డిగ్రీలు పోగొట్టుకుంటోంది. ఈ ఆరు అంకెలు గుర్తుపెట్టుకుంటే ఇంటర్వ్యూలో మీరు మాట్లాడే తీరే మారిపోతుంది. వట్టి ‘నీళ్లు చేరితే బాగోదు సర్’ కంటే చాలా నయం.

ఇక్కడ మీకు తట్టాల్సిన ప్రశ్న ఒకటుంది: తేమ పీల్చని ద్రవమే వాడొచ్చు కదా? ఉంది, డాట్ 5. సిలికాన్‌తో చేస్తారు. నీళ్లు అందులో కలవవు. కానీ ఎలాగోలా చేరిన నీటిచుక్క ఎక్కడో అడుగున విడిగా నిలిచి ఉంటుంది. అది క్యాలిపర్ దగ్గర నిలిస్తే 100 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడుతుంది. అక్కడే తుప్పు కూడా. పైగా సిలికాన్ ద్రవం కొద్దిగా నొక్కుకుపోతుంది, గాలి బుడగల్ని పట్టుకుని ఉంచుతుంది, ఏబీఎస్ ఉన్న బండికి నప్పదు. తేమని పీల్చి అంతటా పంచేసుకోవడం గ్లైకాల్‌కి లోపమే, ఒక రకంగా సుగుణం కూడా. పేర్లలో మోసపోకండి: డాట్ 5.1 గ్లైకాల్ కుటుంబానిదే, డాట్ 5తో దానికి సంబంధం లేదు. ఈ రెండింటినీ కలపకూడదు.

డికాక్షన్ రంగు

ఇంటర్వ్యూ తర్వాత పౌరుషం వచ్చి ఇంకో పెద్దాయన షెడ్డుకి అదే కారు తీసుకెళ్లాం. ఆయన బానెట్ ఎత్తి, డబ్బా మూత తీసి, సెల్‌ఫోన్ లైటు వేసి చూపించారు. కొత్త బ్రేక్ ఆయిల్ లేత తేనె రంగులో పారదర్శకంగా ఉంటుంది. మాది కాఫీ డికాక్షన్. ‘‘ఇది ఎప్పుడు మార్చారు?’’ అన్నారు. ‘‘మార్చాలా బాబాయ్?’’ అన్నాడు మావాడు. ఆయన మా ఇద్దరి వైపూ చూసి, ‘‘ఇంజినీరింగేనా?’’ అన్నారు. అంతకంటే పెద్ద తిట్టు నేనింతవరకు తినలేదు.

మన దగ్గర జరిగే పొరపాటు ఇదే. ఇంజిన్ ఆయిల్ తేదీ ప్రకారం మారుస్తాం. బ్రేక్ ఆయిల్ మాత్రం ‘తగ్గితే పోస్తాం’. పాత ఆయిల్‌లో కొత్తది కాస్త పోసినంత మాత్రాన అడుగున, క్యాలిపర్లలో ఉన్న తడి ద్రవం కొత్తదైపోదు. వేడి తగిలేది అక్కడే మరి. చాలా కార్ల మాన్యువల్స్‌లో రెండేళ్లకోసారి మొత్తం మార్చమనే ఉంటుంది. కిలోమీటర్లు తిరగకపోయినా సరే. మీ ఇంటి కారు మాన్యువల్ డ్యాష్‌బోర్డు అరలో ఉంటుంది, ఆ పేజీ తీసి చూడండి. ఏ డాట్ రకం పోయాలో కూడా అందులోనూ, డబ్బా మూత మీదా రాసి ఉంటుంది.

సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు ‘బ్రేకులు చూడండి’ అంటే ప్యాడ్లు చూసి వదిలేస్తారు. ‘బ్రేక్ ఆయిల్ మార్చి నాలుగు చక్రాలకీ బ్లీడింగ్ చేయండి’ అని విడిగా జాబ్ కార్డులో రాయించండి. ఒక్కో చక్రం దగ్గరున్న నిపుల్ వదులు చేసి, పాత ద్రవం పోయి కొత్త రంగు వచ్చేదాకా, గాలి బుడగలు ఆగేదాకా తీయాలి. ఏ చక్రంతో మొదలుపెట్టాలో కంపెనీ చెప్పిన వరసే పాటించాలి. సీలు తీయని కొత్త డబ్బా మీ ముందే తెరవమనండి. నిరుడు తెరిచి అరలో పెట్టిన సగం సీసా వద్దు, అది అక్కడే నీళ్లు తాగేసి ఉంటుంది. ఆయిల్ ఖర్చు వందల్లోనే. అదే తేమ ఏబీఎస్ యూనిట్ లోపల తుప్పు పట్టిస్తే బిల్లు వేలల్లోకి పోతుంది.

రంగు చూసి అంతా చెప్పలేం. తేటగా ఉన్నదాంట్లో కూడా తేమ ఉండొచ్చు. పెన్ను లాంటి టెస్టర్‌తో తేమ శాతం చూస్తారు, మరిగే ఉష్ణోగ్రతనే కొలిచే పరికరాలు ఇంకా నమ్మకం. ఏదీ లేకపోతే తేదీనే నమ్ముకోండి.

డబ్బాలో మట్టం తగ్గిందని కంగారుగా నింపేయకండి. ప్యాడ్లు అరిగితే పిస్టన్లు బయటికి జరిగి మట్టం దానంతటదే దిగుతుంది. ముందు ప్యాడ్లు, తర్వాత లీకు చూడాలి. ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ లాంటివి ఒక్క చుక్క కూడా ఇందులో పడకూడదు. రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. పెయింటు మీద బ్రేక్ ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడిగేయాలి, లేదంటే రంగు లేచిపోతుంది.

దిగేటప్పుడు

ఆయిల్ కొత్తదైనా న్యూట్రల్‌లో దిగితే ఏదో ఒక ఫేడ్ తప్పదు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులో దిగాలని పాత లారీ డ్రైవర్లు అంటారు, అది మంచి లెక్కే. కాలు పెడల్ మీద తేలిగ్గా ఆనించి కిలోమీటర్ల కొద్దీ రుద్దుకుంటూ రావద్దు. గట్టిగా తొక్కి వేగం తగ్గించి, పూర్తిగా వదిలేయండి, డిస్కుకి గాలి తగలనివ్వండి. ఇంజిన్ మాత్రం ఆపొద్దు. బ్రేకు బూస్టర్, స్టీరింగ్ రెండూ దాని సాయంతోనే తేలిగ్గా ఉంటాయి.

పెడల్ మెత్తబడితే మావాడు చేసిందే చేయాలి. వేగంగా పంపు చేయడం, గేర్లు ఒక్కొక్కటే తగ్గించడం, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగడం, హజార్డ్ లైట్లు వేయడం. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు జారతాయి. ఆగాక డిస్కుల మీద నీళ్లు పోయొద్దు, పగిలే, వంగే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి: బండి ఆగగానే గాలి తగలడం ఆగిపోతుంది, డిస్కులోని వేడి ఇంకా లోపలికి పాకుతుంది. టీ తాగి ఐదు నిమిషాల్లో బయల్దేరేవాళ్లకి పెడల్ అప్పుడు మెత్తబడొచ్చు. కదిలే ముందు ఒకసారి తొక్కి చూసుకోండి.

దీంతో ఉద్యోగమా?

డైరెక్టుగా అయితే బ్రేకుల డిజైన్, టెస్టింగ్, వారంటీ విశ్లేషణ ఉద్యోగాల్లో ఇది రోజువారీ పని. చెన్నై చుట్టుపక్కల బ్రేకులు తయారుచేసే పరిశ్రమ పెద్దది. పుణెలో ఏఆర్ఏఐ, ఇందౌర్ దగ్గర పీతంపూర్‌లో నాట్రాక్స్ లాంటి పరీక్షా కేంద్రాలున్నాయి. మన పెనుకొండలో కియా ప్లాంటు ఉంది. వీటికి ప్రయత్నించేవాళ్లు ఐక్యరాజ్యసమితి నిబంధన ఆర్13-హెచ్‌లోని ఫేడ్ పరీక్ష చదవండి. కారుని వేగంగా తోలి, ఆ వేగాన్ని సగానికి తగ్గిస్తూ, 45 సెకన్లకోసారి చొప్పున 15 సార్లు బ్రేకు వేస్తారు. ఆ వెంటనే వేడి బ్రేకుతో బండి ఎంత బాగా ఆగుతుందో కొలుస్తారు. చల్లగా ఉన్నప్పటి పనితనంలో కనీసం 60 శాతం, నిబంధన కోరిన దాంట్లో కనీసం 75 శాతం ఉండాలి.

ఈ మధ్య తరచూ వినపడుతున్న ప్రశ్న ఇంకొకటి: ‘‘ఈవీకి రీజెన్ బ్రేకింగ్ ఉంది కదా, ఈ గొడవంతా ఎందుకు?’’ మోటారే జనరేటర్‌గా మారి దిగుడులోని శక్తిని బ్యాటరీకి పంపుతుంది, నిజమే. కానీ కొండపైన బ్యాటరీని ఫుల్ ఛార్జ్ చేసి దిగితే ఆ శక్తి పెట్టుకోవడానికి చోటుండదు. రీజెన్ బాగా తగ్గిపోతుంది, పనంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది. ఏళ్ల తరబడి పెద్దగా వాడని బ్రేకు, లోపల తేమ పట్టిన ద్రవం, ముందేమో దిగుడు. ఈ మాట మీరుగా చెబితే ఎదుటివాళ్లు పెన్ను కింద పెట్టి వింటారు.

కారు లేదా? మీ బైకుకి ముందు డిస్కు ఉంటే, కుడి హ్యాండిల్ మీద బ్రేకు లివర్ పక్కన చిన్న డబ్బా ఉంటుంది. పక్కన గాజు కిటికీలాంటి చుక్కలోంచి లోపలి రంగు కనపడుతుంది. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో, సీలు తీయని డబ్బాలోంచే పోయమనో చిన్న అక్షరాల్లో చెక్కి ఉంటుంది. రోజూ ఆ హ్యాండిల్ పట్టుకునే కాలేజీకి వెళ్తున్నారు. రేపు పార్కింగ్‌లో ఆగినప్పుడు ఒకసారి చదవండి.